మేనకోడలు తనను తానే గాయపరచుకుంటోంది, తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ ఎక్కడ దొరుకుతారు?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. అన్నయ్యవాళ్లు గుణుపురంలో ఉంటారు. వాళ్లమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. చేతిమీద తనే చేసుకున్న గాయాలు ఈమధ్య వదిన కంటపడ్డాయి.

పిల్లకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మనసులో మాట చెప్పేది మాత్రం తెలుగులోనే, అదీ రాత్రిపూట ఫోన్లో నాకే. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహేనట. "లేదత్తా, టెన్షన్ తట్టుకోలేనప్పుడు అలా చేస్తే కాసేపు తేలిగ్గా ఉంటుంది" అంది. చాలామంది పిల్లలు ఇందుకే చేస్తారని చదివాను. కానీ ఇలాంటివాళ్లకి తర్వాత ఆత్మహత్య ముప్పు ఎక్కువని కూడా చదివాను, అందుకే ఊరుకోలేను. ఇంట్లో పురుగుమందుల గదికి తాళం వేయించాం. అన్నయ్యేమో గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి వెళ్దామంటాడు. (ఆయనతో వాదన వేరే కథ.)

టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. ఒడిశా నుంచి చేసి తెలుగులో మాట్లాడినవాళ్లు ఉన్నారా? బరంపురం మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగంలో తెలుగు తెలిసిన డాక్టర్లున్నారా, లేక రైలెక్కి విశాఖ మానసిక వైద్యశాలకే వెళ్లాలా? బడిలో చెబితే పరువు పోతుందని వదిన భయం. చెప్పినవాళ్లు హెడ్మాస్టరుకి చెప్పారా, క్లాస్ టీచరుకా? కొత్త గాయం కనిపిస్తే అరవకుండా కడిగి కట్టుకట్టి పక్కన కూర్చోమన్నాను. ఆ సమయంలో ఏం మాట్లాడాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.