బాటిల్ కొబ్బరినీళ్లకి ఒక్క ప్రెజర్ చాలా, ఇంకేమైనా తోడు కావాలా?

గోదారి_గట్టు:
కోనసీమలో మా వాళ్లు కొందరు కలిసి కొబ్బరినీళ్లు బాటిల్‌లో పోసి అమ్ముదామంటున్నారు. వేడి చేస్తే రుచి పోతుంది కాబట్టి హెచ్‌పీపీ చేద్దామని, అంటే మూత బిగించిన బాటిళ్లని చల్లటి నీళ్ల ట్యాంకులో పెట్టి 600 మెగాపాస్కల్ ఒత్తిడి మూడు నిమిషాలు ఇవ్వడం. మెషిన్ అమ్మేవాళ్లేమో బ్యాక్టీరియా మొత్తం చస్తుంది, ఇంకేమీ అక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?

కోల్డ్‌ప్రెస్_కిరణ్:
అనుమానం దేనికండీ? గాలి ఒత్తిడికి దాదాపు 6000 రెట్లు అది. సాల్మొనెల్లా, ఈ.కోలి, లిస్టీరియా ఏవీ తట్టుకోలేవు. అమెరికాలో ఆపిల్, నారింజ జ్యూస్‌లు ఇలాగే వస్తున్నాయి. దీనికి మళ్లీ వేడి, ప్రిజర్వేటివ్ కలిపేటట్టయితే అంత ఖరీదైన మెషిన్ కొనడం ఎందుకు, టెట్రాప్యాక్ వేసుకుంటే పోలా?

మైక్రోబ్_మాధవి:
ఆ జ్యూస్‌లు పుల్లగా ఉంటాయి కాబట్టి గండం గడుస్తోంది కిరణ్ గారూ. కొబ్బరినీళ్ల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 5కి అటూ ఇటూగా ఉంటుంది, 4.6 దాటిందంటే బోటులిజం, అంటే బోటులినం అనే బ్యాక్టీరియా విషంతో ప్రాణం మీదికి వచ్చే జబ్బు, దాని భయం ఉన్నట్టే. ఒత్తిడికి చచ్చేది మామూలు కణం, గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే స్పోరు కాదు. చల్లగా ఉన్నప్పుడు 600 కాదు, 1000 ఇచ్చినా బోటులినం స్పోర్లు మిగులుతాయి, ఆ తర్వాత గాలి ఆడని బాటిల్‌లో తీరిగ్గా మొలిచి విషం తయారుచేస్తాయి. సరిగ్గా ఈ కారణంతోనే 2015లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అక్కడి ఒక కొబ్బరినీళ్ల కంపెనీకి హెచ్చరిక లేఖ రాసింది.

కోల్డ్‌ప్రెస్_కిరణ్:
ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతాం కదా మేడమ్. చల్లదనంలో మొలవవు.

మైక్రోబ్_మాధవి:
కొన్ని రకాలు 3 డిగ్రీల దగ్గరే పెరుగుతాయి. మే నెలలో మన డెలివరీ వ్యాన్‌లో 3 డిగ్రీలు ఉంటుందా, మీరే చెప్పండి 🙂

ల్యాబ్‌కోటు:
ఇద్దరూ స్పోర్ల దగ్గరే ఆగిపోయారు. నన్నడిగితే మామూలు బ్యాక్టీరియాకి కూడా తోడు ఉంటేనే మంచిది. ఒత్తిడి తిన్న కణాలన్నీ చావవు, కొన్ని దెబ్బతిని మూలుగుతూ ఉంటాయి, మొదటి రోజు టెస్టులో సున్నా చూపిస్తుంది, రెండు వారాలకి కోలుకుని మళ్లీ లేస్తాయి. అదే కాస్త పులుపో, 45-50 డిగ్రీల వేడో తోడైతే ఆ దెబ్బతిన్నవి లేవలేవు. నైసిన్ సంగతి ఇంకా బాగుంటుంది. పాలల్లో పెరిగే లాక్టోకాకస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే, వేరే బ్యాక్టీరియాని చంపే పదార్థం అది, మామూలుగా ఈ.కోలి మీద పనిచేయదు, దాని బయటి పొర లోపలికి రానివ్వదు. ఒత్తిడి ఇచ్చినప్పుడు ఆ పొర కాసేపు సడలుతుంది, అప్పుడు నైసిన్ లోపలికి దూరుతుంది. అలాగని నైసిన్ వేశాం కదా అని ఒత్తిడి 400కి దించేసి కరెంటు మిగుల్చుకుందాం అనేవాళ్లనీ చూశాను, దానికి మాత్రం నేను ఒప్పుకోను.

గోదారి_గట్టు:
మరి స్పోర్లని చంపే మార్గమే లేదా అండీ?

ల్యాబ్‌కోటు:
ఉంది, మీకు పనికిరాదు. ముందే 90 డిగ్రీలకు వేడెక్కించి 600 ఇస్తే, నొక్కుడు వల్లే ఇంకో పాతిక డిగ్రీల దాకా పెరుగుతుంది, ఒత్తిడి తీయగానే దిగిపోతుంది. 2009లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది కూడా, ఆలుగడ్డ ముద్దకి. కొబ్బరినీళ్లని అంత కాచాక ఎవరు తాగుతారు? తక్కువ ఒత్తిడితో స్పోర్లని మొలిపించి ఆ తర్వాత చంపుదామని చాలామంది ప్రయత్నించారు, కానీ కొన్ని మొండివి మొలవవు, అవి చాలు కొంప ముంచడానికి.

మైక్రోబ్_మాధవి:
అందుకే మీకు మిగిలినవి రెండే. 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో స్పోర్లని ముందే వడకట్టి, ఆ తర్వాత ప్రెజర్. లేదా నిమ్మరసం పిండి పీహెచ్ 4.6 కిందికి దించి ప్రెజర్.

కోల్డ్‌ప్రెస్_కిరణ్:
నిమ్మరసం పడ్డాక అది కొబ్బరినీళ్లేంటి, షర్బత్. ఫిల్టర్ అయితే సరే, వేడి మాత్రం వద్దంటే వద్దు.

మైక్రోబ్_మాధవి:
షర్బత్ అని లేబుల్ వేసి అమ్మండి, తప్పేముంది? గోదారి గారూ, బోండాం ముదురుని బట్టి పీహెచ్ మారుతుంది. మెషిన్‌కి అడ్వాన్స్ ఇచ్చేలోపు ఒక పీహెచ్ మీటర్ కొని నాలుగైదు తోటల కాయలు కొట్టి చూసుకోండి, ఆ అంకెలు ఇక్కడ పెడితే మిగతాది మాట్లాడుకుందాం.