‘పోలరైజ్’ను ‘ధ్రువీకరణ’ అనవచ్చా?

ప్రశ్న: హిందీ వార్తా వ్యాసాలను తెలుగు చేస్తుంటాను. నిన్న ‘ఓటర్ల మత ధ్రువీకరణ’ అని రాస్తే సంపాదకురాలు ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపారు. హిందీలో ధ్రువీకరణ్ అంటే పోలరైజేషనే కదండీ, మాటేమో సంస్కృతం. మనకెందుకు కుదరదు?

జవాబు: ఆవిడ చేసింది సరైన పనేనండీ. కుల ధ్రువీకరణ పత్రం, జనన ధ్రువీకరణ పత్రం అని మనం రోజూ వాడుతున్నాం. పత్రికల్లో ‘అధికారులు ధ్రువీకరించారు’ అంటే ఆ సంగతి నిజమేనని చెప్పారని అర్థం. ‘మత ధ్రువీకరణ’ అని చదివితే తెలుగువారికి తహసీల్దారు సంతకమే గుర్తొస్తుంది. హిందీలో అలాంటి కాగితం ‘ప్రమాణ్ పత్ర్’ కాబట్టి వాళ్లకు ఈ చిక్కు లేదు.

ధ్రువం అంటే మొదట కదలనిది, తప్పనిది. గీతలో ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’ అన్నది ఈ అర్థంలోనే. చుక్కలన్నీ తిరుగుతున్నా తాను ఉన్నచోటే ఉన్నట్టు కనిపించేది ధ్రువతార. అది ఉత్తరాన భూమి ఇరుసు చూపే దిక్కున ఉంటుంది. ఇరుసు కొసలనూ మనం ధ్రువాలనే అంటాం. మన ‘ధ్రువీకరణ’ కదలనితనం నుంచి వచ్చింది, హిందీవారిది కొసల నుంచి.

భౌతికశాస్త్రంలో ఈ తగువే లేదు. మన పాఠ్యపుస్తకాలు ‘ధ్రువణం’ అని వేరే మాట పెట్టుకున్నాయి. నాకెంతో ఇష్టమైన మాట. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలుంటే కంప్యూటర్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. చాలా తెరలు ఒక కోణం దగ్గర నల్లబడిపోతాయి, ఇంకో పావు చుట్టు తిప్పితే మళ్లీ వెలుగుతాయి. తెర నుంచి వచ్చే కాంతి ఒకే తలంలో కంపిస్తుంది, అద్దం కూడా ఒకే తలంలో కంపించే కాంతినే తనగుండా పోనిస్తుంది. కాంతి ఇలా ఒకే తలానికి పరిమితం కావడమే ధ్రువణం. 1808లో ఫ్రాన్సులో మాలూస్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక భవనం కిటికీ అద్దాల్లో మెరుస్తున్న సాయంత్రపు ఎండను స్ఫటికం గుండా చూసి దీన్ని పట్టుకున్నాడు. కాంతి కణాలకు అయస్కాంతంలా ధ్రువాలుంటాయని భావించి ‘పోలరైజేషన్’ అని పేరు పెట్టాడు.

రాజకీయాల్లో మాత్రం ఈ ఒక్క మాట రెండు పనులు చేస్తోంది. ‘సమాజం పోలరైజ్ అయింది’ అంటే జనం రెండు కొసలకు చేరి నడుమ ఎవరూ మిగలలేదని. ‘ఆ వర్గం ఓట్లు పోలరైజ్ అయ్యాయి’ అంటే గంపగుత్తగా ఒకే పార్టీకి పడ్డాయని. మొదటిది చీలడం, రెండోది కూడడం! రెండింటికీ ఒకే తెలుగు మాట వెదకడం నాకు సరిగా తోచదు.

ప్రశ్న: శీర్షికకు చిన్న మాట కావాలి కదండీ. ‘పునరేకీకరణ’ సరిపోదా?

జవాబు: వద్దండీ, పార్టీలు మళ్లీ జట్లు కట్టే సందర్భానికి అది స్థిరపడిపోయింది. అసలు మీ మూలంలో ఓట్లు వాటంతటవే ఒకవైపు చేరాయన్నారా, ఎవరైనా పనిగట్టుకుని చీలుస్తున్నారన్నారా? ‘-ఈకరణ’ అనగానే చేసినవాడు కనబడకుండా పోతాడు. అది నాకు పెద్ద అభ్యంతరం.

ప్రశ్న: ఒక నాయకుడి ప్రసంగాల గురించండీ. ‘మతం పేరిట ఓటర్లను చీలుస్తున్నారు’ అని మార్చి పంపాను. ఈసారి సున్నా చుట్టలేదు.