సాలిటైర్‌లో ముక్క దొరకగానే పైకి ఎక్కించాలా, ఆపి ఉంచాలా?

ఒంటరి ఆటగాడు:

క్లోండైక్ సాలిటైర్ ఆడేవారి ముందు ఒక సందేహం ఉంచుతున్నాను. ఆట తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. ఏడు వరుసల్లో ఒకటి నుంచి ఏడు దాకా పెంచుకుంటూ 28 ముక్కలు పరుస్తాం. ప్రతి వరుసలోనూ చివరి ముక్క మాత్రమే తెరిచి ఉంటుంది, మిగిలిన 24 ముక్కలు కట్టగా పక్కన ఉంటాయి. వరుసల్లో ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు, ఒక్కో అంకె దిగుతూ పేరుస్తాం. ఖాళీ అయిన వరుసలోకి రాజుకు మాత్రమే ప్రవేశం. పైనున్న నాలుగు గడుల్లో ఒక్కో జాతినీ ఆసు నుంచి రాజు దాకా ఎక్కించగలిగితే గెలిచినట్టు.

నిన్న ఆఠీను నాలుగు పైకి వెళ్లగానే, కళావరు ఆరు మీద ఉన్న ఆఠీను అయిదును కూడా ఆలోచించకుండా ఎక్కించాను. ఆ తరువాత ఆరో వరుసలో ఒక ముక్క తిప్పితే ఇస్పేటు నాలుగు వచ్చింది. దాని కింద ఇంకా మూడు మూసిన ముక్కలు ఉన్నాయి. డైమను అయిదు ఎక్కడా కనిపించలేదు, ఇస్పేటు రెండు కూడా బయటపడలేదు. ఆట అక్కడితో ఆగిపోయింది. పైకి వెళ్లగల ముక్కను ఎక్కించడం తప్పెలా అవుతుంది?

గడి నింపు:

తప్పు కాదు. ఆట లక్ష్యమే ఎక్కించడం అయినప్పుడు, ఎక్కించే అవకాశాన్ని వదులుకొమ్మని చెప్పడం నాకు విచిత్రంగా తోస్తుంది. విండోస్‌లో 1990 నుంచి వస్తున్న సాలిటైర్ మామూలు లెక్కలో పైకి పంపిన ప్రతి ముక్కకూ 10 పాయింట్లు ఇస్తుంది, మూసిన ముక్కను తిప్పితే 5 ఇస్తుంది. అవసరమైతే పైనున్న ముక్కను మళ్లీ వరుసలోకి దించుకోవచ్చు, అందుకు పోయేది 15 పాయింట్లు మాత్రమే. మీరు ఆఠీను అయిదును దించి కళావరు ఆరు మీద పెట్టి ఉంటే, ఇస్పేటు నాలుగు దాని మీదికి వచ్చేది కదా?

నెమ్మది:

గడి నింపు గారి లెక్క సరైనదే, కానీ దించుకోవడం అన్నిసార్లూ కుదరదు. పేకముక్కలతో ఆడేవారిలో చాలామంది, ఎక్కించినది దించకూడదన్న నియమం పెట్టుకుంటారు. ఆ నియమం లేకపోయినా, అయిదు వెనుకే ఆఠీను ఆరు కూడా వెళ్లిపోతే, అయిదును అందుకోవడానికి ముందు ఆరును దించాలి, దానికి తెరిచి ఉన్న నల్ల ఏడు ఒకటి కావాలి. పైగా అయిదు వాలవలసిన కళావరు ఆరు మీద ఈలోగా ఇంకేదైనా చేరి ఉండవచ్చు.

వరుసలోని ఎర్ర అయిదుకు ఉన్న పని ఒక్కటే: నల్ల నాలుగుకు చోటివ్వడం. కాబట్టి ఏ నల్ల నాలుగుకైనా ఇంకా చోటు అవసరమవుతుందా అని చూడాలి. ఇస్పేటు, కళావరు గడులు రెండూ మూడు దాకా నిండి ఉంటే, నల్ల నాలుగు ఎప్పుడు బయటపడినా నేరుగా పైకే వెళుతుంది. అయితే ఆ నల్ల నాలుగు మీద కూర్చోవలసిన ఎర్ర మూడు ఒకటి మిగిలి ఉండవచ్చు, అందుచేత డైమను గడి కనీసం రెండు దాకా రావాలి. ఈ రెండూ నెరవేరితే ఆఠీను అయిదును నిశ్చింతగా ఎక్కించవచ్చు. ఏ ముక్కకైనా ఇదే పద్ధతి: ఎదుటి రంగు జాతులు రెండూ దానికంటే రెండు అంకెల తక్కువ దాకా, తన రంగులోని రెండో జాతి మూడు అంకెల తక్కువ దాకా పైకి వచ్చి ఉండాలి. ఆసులకూ రెండులకూ ఈ పరీక్ష అక్కరలేదు, ఎందుకంటే రెండు మీద వాలవలసిన ఆసు ఎలాగూ పైకే పోతుంది.

మీ ఆటలో ఇస్పేటు రెండే బయటపడలేదు. ఆ క్షణాన అయిదును ఎక్కించడం వల్ల మీకు ఒరిగినది ఏమీ లేదు.

మూడేసి తీసేవాడు:

కట్ట నుంచి ఒక్కొక్క ముక్క తీసేవారికి ఇంతవరకే చాలు. మూడేసి తీసేవారికి ఇంకో చిక్కు ఉంది. తీసిన మూడింటిలో పైదాన్నే వాడగలం కనుక, కట్టను మొదటిసారి చివరిదాకా తిప్పినప్పుడు చేతికందేవి 3, 6, 9 ఇలా 24 దాకా ఎనిమిది స్థానాల్లోని ముక్కలే. వాటిలో ఆరోదాన్ని వాడారనుకోండి, తరువాతి తిప్పులో 3, 7, 10, 13, 16, 19, 22, 24 స్థానాలవి పైకి వస్తాయి. దాని కిందనున్న అయిదోదాన్ని కూడా వాడితే ఈసారి 3, 8, 11, 14, 17, 20, 23, 24 వస్తాయి. అంటే కట్టలోంచి ఒక ఆసును తీసినా తరువాతి క్రమమంతా జరిగిపోతుంది. నాకు కావలసిన ముక్క ఏ స్థానంలో ఉందో గుర్తుంటే, ఆసునైనా ఒక తిప్పు ఆపుతాను. తిప్పులకు పరిమితి లేనప్పుడే సుమా.

గడి నింపు:

ఆసును ఆపడమా! అంత ఓపిక నాకు లేదు. నెమ్మది గారి పరీక్షను మాత్రం అంగీకరిస్తున్నాను, రెండు మినహాయింపులతో. వెగాస్ పద్ధతిలో ఆటకు 52 డాలర్లు కట్టి, పైకి వెళ్లిన ప్రతి ముక్కకూ 5 డాలర్లు పొందుతారు. పది ముక్కలకు 50, పదకొండుకు 55. తిప్పులు కూడా పరిమితమే కనుక అక్కడ ఆట పూర్తి కాకపోయినా ప్రతి ముక్కకూ విలువ ఉంటుంది, అలాంటప్పుడు ఆపి ఉంచడం నష్టం. రెండోది, ఎక్కించబోయే ముక్క నేరుగా మూసిన ముక్క మీదే ఉంటే సంగతి వేరు.

నెమ్మది:

మీ రెండో మినహాయింపు నాకూ సమ్మతమే. అయిదు నేరుగా మూసిన ముక్క మీద ఉంటే, దాన్ని పంపడం వల్ల కొత్త ముక్క తెరుచుకుంటుంది, ఆ లాభం కోసం పరీక్షను పక్కన పెట్టవచ్చు. అయినా నేను ముందు ఆ అయిదును ఏదైనా నల్ల ఆరు మీదికి జరపగలనా అని చూస్తాను, ఎందుకంటే అప్పుడు ముక్కా తెరుచుకుంటుంది, నల్ల నాలుగుకు చోటూ మిగులుతుంది. నల్ల ఆరు దొరకకపోతే ఎక్కిస్తాను.

ఒంటరి ఆటగాడు:

నా అయిదు కింద ఉన్నది తెరిచిన కళావరు ఆరే, మూసిన ముక్క కాదు. ఆ ముక్కలు ఇంకా బల్లమీదే ఉన్నాయి. దించకూడదన్న నియమాన్ని ఈ ఒక్కసారికి సడలించి అయిదును దించాను. ఇస్పేటు నాలుగు దాని మీదికి చేరింది, కింద తిప్పిన ముక్క డైమను అయిదు.