బంకమట్టి పల్లంలో బాస్కెట్: నీళ్లు బయటికి పంపేదెలా?

మా చిన్న ఊరి డిస్క్ గోల్ఫ్ (డిస్క్‌ని గొలుసుల బాస్కెట్‌లోకి విసిరే ఆట) కోర్సులో ఆరో హోల్ బాస్కెట్ పల్లంలో ఉంది, నేలేమో బంకమట్టి. గట్టి వాన పడితే రెండు రోజుల దాకా చీలమండ లోతు నీళ్లు. రూల్ ప్రకారం పెనాల్టీ లేకుండా డిస్క్ పడిన చోటు నుంచి వెనక్కి జరగొచ్చు. కానీ పొడి నేల దొరికేసరికి బాస్కెట్ చుట్టూ ఉండే 10 మీటర్ల పటింగ్ సర్కిల్ (దగ్గరి త్రోల పరిధి) దాటిపోతున్నాం. కోర్సులో అన్నిటికన్నా అందమైన హోల్ అది, అందుకే ఈ బాధ.

చెక్క పొట్టు వేశాం, తేలి కొట్టుకుపోయింది. కంకర బురదలోకి దిగిపోయింది. తవ్విన కాలువ ఒండ్రుతో పూడింది. ఇప్పుడు చిల్లుల పైపుకి, నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి కంకరలో పాతాలనుకుంటున్నాం. దానికి మామూలుగా 100 అడుగులకు 1 అడుగు వాలు ఇస్తారు, మాకు దొరికేది అందులో సగమే. ఇంత తక్కువ వాలుతో బంకమట్టిలో ఆ పైపు పూడకుండా పనిచేస్తుందా, లేక బాస్కెట్‌నే మెరకకు మార్చడం మేలా?