అయిదు గ్రహాలూ ఒకేసారి కనిపించే రోజును ముందే పట్టుకోవడం ఎట్లా? (నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి)

కావలి_కుర్రోడు
మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డు. దారానికి పూసలు గుచ్చినట్టు గ్రహాలన్నీ వరసగా ఉన్న బొమ్మ, కింద ‘వందేళ్లకొకసారి వచ్చే అద్భుతం’ అని. అది నిజమా కాదా అని అడగడం లేదు. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, ఈ అయిదూ కంటికి కనిపించేవే కదా. ఇవన్నీ ఒకే పూట కనిపించే రోజులు ఎప్పుడొస్తాయో మనంతట మనం లెక్క కట్టుకోవచ్చా? యాప్ తెరిస్తే ఈ రాత్రి సంగతి చెబుతుంది. రెండేళ్ల తర్వాత సంగతి కావాలంటే ఏ తేదీ పెట్టి వెతకాలో తెలియడం లేదు.

ఒంగోలు_డాబా
ముందు ‘వరస’ అంటే ఏంటో తేల్చుకుందాం తమ్ముడూ. గ్రహాలు ఎప్పుడూ వరసలోనే ఉంటాయి. వాటి కక్ష్యలన్నీ దాదాపు ఒకే తలంలో ఉన్నాయి. భూకక్ష్యతో పోలిస్తే బుధుడి వంపు 7 డిగ్రీలు, శుక్రుడిది 3.4, శనిది 2.5, మిగిలిన రెండింటిదీ 2 లోపే. అందుకే ఏ రోజు చూసినా అవి సూర్యుడు నడిచే దారి పక్కనే ఉంటాయి. నువ్వు వెతకాల్సింది వరస కోసం కాదు. అయిదూ ఒకే సమయంలో దిగంతానికి పైన ఉండాలి, ఒక్కటీ సూర్యుడి వెలుగులో మునిగిపోకూడదు. ఆ రోజు కావాలి నీకు. అప్పుడు కూడా అవి ఆకాశంలో ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుచుకుని ఉండొచ్చు. ఫార్వర్డులో బొమ్మలా ఉంటుందని పిల్లలకు చెప్పి తీసుకెళ్తే నిన్నే తిడతారు.

పంతులుగారి_మనవడు
యాప్ లేకుండానే చెప్పొచ్చు, ఇంట్లో పంచాంగం ఉంటే చాలు. గ్రహకుండలిలో సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూడండి. అక్కడి నుంచి ముందుకు ఆరు రాశుల్లో ఉన్నవి సూర్యుడి తర్వాత అస్తమిస్తాయి, అంటే సాయంత్రం కనిపిస్తాయి. వెనక్కి ఆరు రాశుల్లో ఉన్నవి సూర్యుడి కంటే ముందు ఉదయిస్తాయి, అంటే తెల్లవారుజామున కనిపిస్తాయి. సూర్యుడున్న రాశిని ఒకటిగా లెక్కపెడితే సరిగ్గా ఏడో ఇంట్లో (ఏడో రాశిలో) ఉన్నది సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు. పొద్దుగూకేసరికి తూర్పున లేస్తుంది.

2022 జూన్ నెలాఖరు కుండలి తీసి చూడండి. సూర్యుడు మిథునంలో. వెనక్కి లెక్కపెడితే బుధ శుక్రులు వృషభంలో, కుజుడు మేషంలో, గురుడు మీనంలో, శని కుంభంలో. అన్నీ వెనక వైపే, అదీ సూర్యుడి నుంచి దూరం పెరిగే క్రమంలోనే. తెల్లారుజామున అయిదూ కనిపించాయి. ఆ క్రమంలో అంతకుముందు కనిపించింది 2004 డిసెంబరులో.

రెండో మెట్టు మూఢం. మన ఇళ్లల్లో మూఢం అనగానే పెళ్లి ముహూర్తాలు లేవని బాధపడతారు గానీ దాని అర్థం సూటిగా ఇదే, ఆ గ్రహం సూర్యుడికి దగ్గరై కంటికి కనిపించదు. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం దీనికి హద్దులు ఇచ్చింది: గురుడికి 11 అంశలు (అంటే డిగ్రీలు), శనికి 15, కుజుడికి 17, బుధుడికి 14, శుక్రుడికి 10. వక్రంలో, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపించే రోజుల్లో, ఉంటే బుధుడికి 12, శుక్రుడికి 8. అంతకంటే దగ్గరగా ఉంటే వెతకడం దండగ.

సింగరాయకొండ_పోటు
పంతులు గారూ, మీ రాశుల లెక్క బాగుంది గానీ ఒక చిక్కు. రాశి అంటే 30 డిగ్రీలు. సూర్యుడు ఒక రాశి చివర, బుధుడు పక్క రాశి మొదట్లో ఉంటే మధ్యలో రెండు డిగ్రీలే ఉండొచ్చు. కుండలిలో పక్కిల్లు, ఆకాశంలో మాయం.

పంతులుగారి_మనవడు
అందుకే అంశలు చూడమన్నాను సార్. కొన్ని పంచాంగాల్లో గ్రహస్ఫుటాలు, అంటే ఏ గ్రహం సరిగ్గా ఎక్కడుందో, అంశలతో సహా ఇస్తారు. అవి దృక్సిద్ధ పంచాంగంలోవి (ఆకాశంలో నిజంగా కనిపించే స్థానాలతో సరిపోయేలా లెక్కకట్టింది) అయితే యాప్ చెప్పేదానికీ వాటికీ తేడా ఉండదు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మన రాశులు నిరయనం, అంటే నక్షత్రాలను బట్టి లెక్కపెట్టేవి; పాశ్చాత్యుల లెక్క సాయనం, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమైన రోజు సూర్యుడు ఉండే చోటు నుంచి. ఇప్పుడు రెంటికీ మధ్య తేడా 24 డిగ్రీల చిల్లర. ఇంగ్లీషు సైట్లో రాశి చూసి మన కుండలితో కలిపితే తికమకే.

నెల్లూరు_ఫిజిక్సు
కుర్రోడు అడిగింది రెండేళ్ల తర్వాత సంగతి. రెండేళ్ల పంచాంగం ఇంట్లో ఉండదు. నా పద్ధతి చెబుతాను. మెల్లగా నడిచేవాళ్లతో మొదలుపెట్టు.

గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి 11.86 ఏళ్లు, శనికి 29.46. అంటే గురుడు ఏడాదికి దాదాపు 30.4 డిగ్రీలు కదులుతాడు, శని 12.2. ఏడాదికి తేడా 18.1. 360ని దాంతో భాగిస్తే 19.86 ఏళ్లు. అంటే ఇరవై ఏళ్లకోసారి గురుడు శనిని దాటి వెళ్తాడు. 2000 మేలో దాటాడు, 2020 డిసెంబరు 21న దాటాడు, మళ్లీ 2040లో. ఈ రెండూ దగ్గరగా ఉన్న ఏళ్లే అయిదూ కలిసి కనిపించడానికి మంచి ఏళ్లు. సగానికి వచ్చినప్పుడు, అంటే 2010, 2030 చుట్టుపక్కల, ఒకటి లేస్తుంటే ఇంకోటి అస్తమిస్తుంటుంది. మధ్యలో మిగిలిన మూడింటినీ ఇరికించడం కష్టం. 2005 మొదట్లో కనిపించాక మళ్లీ 2016 జనవరి దాకా అయిదూ ఒకేసారి ఎందుకు దొరకలేదో దీంతో అర్థమవుతుంది.

తర్వాత కుజుడు. సూర్యుడితో పోలిస్తే 780 రోజుల చక్రం, అంటే ఆకాశంలో సూర్యుడికి అదే పక్క, అంతే దూరంలో మళ్లీ కనిపించడానికి పట్టే కాలం. ఆ తర్వాత శుక్రుడు, 584 రోజులు. శుక్రుడితో ఒక సుఖం ఉంది. అలాంటి చక్రాలు అయిదు కలిస్తే ఎనిమిదేళ్లకు రెండు రోజులు తక్కువ. ఈ ఏడాది ఫలానా తేదీన పడమట ఎక్కడున్నాడో, ఎనిమిదేళ్ల తర్వాత రెండు రోజులు ముందుగా దాదాపు అక్కడే ఉంటాడు. పాత డైరీ చాలు. చివర్లో బుధుడు. అతని చక్రం 116 రోజులు, ఒకసారి సాయంత్రం, ఒకసారి పొద్దున. మిగిలిన నలుగురూ ఒక పక్కకు చేరి కొన్ని నెలలు ఉంటే బుధుడు ఎలాగూ వచ్చి కలుస్తాడు.

బుధుడు సూర్యుడి నుంచి 28 డిగ్రీలకు మించి పోడు, శుక్రుడు 47కి మించి పోడు. కాబట్టి ‘అర్ధరాత్రి అయిదు గ్రహాలు’ అని ఎవరైనా పంపితే ఆ ఫార్వర్డు అక్కడే ఆపేయొచ్చు.

కావలి_కుర్రోడు
సార్, ఇది ఇంటర్‌లో ఎవరూ ఇట్లా చెప్పలేదు. అయితే 2025 ఫిబ్రవరి చివర ఏడు గ్రహాలు అన్నారు, నాకు మూడే కనిపించాయి. ఎందుకు?

నెల్లూరు_ఫిజిక్సు
పంతులు గారి పద్ధతిలోనే చూడు. ఫిబ్రవరి 28న సూర్యుడు కుంభంలో, శని కూడా కుంభంలోనే, మధ్య దూరం సుమారు 11 డిగ్రీలు. శనికి హద్దు 15. పోయింది. యురేనస్, నెప్ట్యూన్‌లకు బైనాక్యులర్స్ కావాలి. బుధుడు పడమట బాగా కిందికి ఉన్నాడు. మిగిలింది శుక్రుడు, గురుడు, కుజుడు. నీకు కనిపించినవి ఆ మూడే.

మైపాడు_అల
లెక్కలు మీరు చెప్పారు, చోటు సంగతి నేను చెబుతా. తెల్లవారుజాము దృశ్యమైతే మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాలు బాగుంటాయి, తూర్పంతా సముద్రమే. కానీ సముద్రం మీద తెల్లటి తేమ పొర ఉంటుంది చూడండి, దిగంతం నుంచి పిడికిలి ఎత్తు దాకా (చెయ్యి చాచి పట్టుకుంటే అది సుమారు 10 డిగ్రీలు) అన్నీ మసకే. 2022 జూన్‌లో మా వాళ్లందరికీ శుక్రుడు, గురుడు తళతళా కనిపించారు, బుధుడు దొరికింది ఒకరిద్దరికే. రొయ్యల చెరువుల లైట్లు ఇంకో తలనొప్పి. తీరం వెంబడి కొత్త చెరువు పడిన ప్రతిచోటా ఒక నల్లటి చోటు పోయినట్టే.

సాయంత్రం దృశ్యానికి తీరం పనికిరాదు, ఊరంతా పడమట ఉంటుంది. నెల్లూరు వాళ్లకు స్వర్ణాల చెరువు కట్ట మేలు. ఉదయగిరి వైపు వాళ్లకు వెలికొండలు అడ్డం. బుధుడు కొండ వెనక్కి దిగిపోతే ఏ యాప్ తీసుకొచ్చి చూపిస్తుంది?

ఒంగోలు_డాబా
మనకు ఒక అదృష్టం కూడా ఉంది. మనం 14, 15 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. గ్రహాల దారి దిగంతం నుంచి నిటారుగా పైకి లేస్తుంది. అదే యూరప్‌లో అయితే కొన్ని నెలల్లో ఏటవాలుగా పడుకుని ఉంటుంది, బుధుడిని చూడడం అక్కడి వాళ్లకు పెద్ద పని.

రొయ్యల_గుంట
సార్లూ, ఒక డౌటు. ఇట్లా గ్రహాలు ఒక పక్కకు చేరితే పోటు ఎక్కువ వస్తుందని మా వైపు అంటున్నారు. గట్టు పెంచుకోవాలా?

నెల్లూరు_ఫిజిక్సు
అక్కర్లేదన్నా. పోటు చంద్రుడిది, సూర్యుడిది. శుక్రుడు భూమికి బాగా దగ్గరైనప్పుడు కూడా పోటు తెప్పించే దాని లాగుడు చంద్రుడి దాంట్లో పదివేలో వంతు రాదు. గట్టు చూసుకోవాల్సింది అమావాస్యకూ, పౌర్ణమికీ, తుపాను హెచ్చరికకూ.

అమ్మమ్మ_కబుర్లు
భయం సంగతి వచ్చింది కాబట్టి. 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా అష్టగ్రహ కూటమి. సూర్యచంద్రులు, ఈ అయిదు గ్రహాలు, కేతువు, అన్నీ మకరంలో. లోకం మునిగిపోతుందని దేశమంతా యజ్ఞాలు చేశారు. మా అమ్మమ్మ ఊళ్లో దాచుకున్న బియ్యం వండి అందరికీ పెట్టేశారట, ఎలాగూ పోతాం కదా అని. ఆ తర్వాత ఏడాది పొడుగునా అప్పులు. ఇంత భయపెట్టిన కూటమిలో ఒక్క గ్రహం కూడా ఇక్కడ ఎవరి కంటికీ కనపడలేదు. సూర్యుడు మధ్యలో కూర్చుంటే ఏం కనపడుతుంది! ఆ 5న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది గానీ, అది న్యూ గినీ, పసిఫిక్ వైపు.

సింగరాయకొండ_పోటు
దానికి సరిగ్గా ఎదురు 2040 సెప్టెంబరు 8. సూర్యుడు సింహంలో, అయిదూ కన్యలో, పది డిగ్రీల లోపు గుంపుగా, పక్కనే నెలవంక. సాయంత్రం పడమట. ఫార్వర్డు బొమ్మకు కాస్త దగ్గరగా వచ్చేది అదొక్కటే. అప్పటికి నా మోకాళ్లు ఎట్లా ఉంటాయో.

కావలి_కుర్రోడు
2040 దాకా ఆగాలా? మధ్యలో ఏమీ లేదా?

నెల్లూరు_ఫిజిక్సు
ఉంది. 2028 అక్టోబరు, దీపావళి వెళ్లిన తర్వాతి వారం, తెల్లవారుజామున. సూర్యుడు తులలో, శని మేషంలో, అంటే ఏడో ఇల్లు. శని పడమట దిగిపోతుంటాడు, బుధుడు, గురుడు తూర్పున లేస్తుంటారు, శుక్రుడు, కుజుడు వాళ్లకు పైన. ఆకాశమంతా వాడుకునే దృశ్యం. అమావాస్య దాటిన రోజులు కాబట్టి తెల్లారుజామున చంద్రుడి గోల కూడా ఉండదు. స్టెల్లేరియంలో (ఏ తేదీకైనా ఆకాశాన్ని చూపించే యాప్) నెల్లూరు పెట్టి ఆ తేదీలకు వెళ్లి చూడు. వాతావరణం, నేల రెండూ ఆన్‌లోనే ఉంచు, లేకపోతే కనపడనివి కూడా చూపించి ఆశపెడుతుంది.

మైపాడు_అల
అక్టోబరు చివర అంటే మనకు ఈశాన్య రుతుపవనాల కాలం సార్. వానలన్నీ మనకు పడేదే అప్పుడు. ఒక్క తేదీ పట్టుకుని కూర్చోవద్దు, వారమంతా అలారం పెట్టుకోవాలి. పైగా తూర్పు, పడమర రెండూ తెరిచి ఉన్న చోటు కావాలి. ఇసకపల్లి ఉప్పు కయ్యల వైపు అయితే నేలంతా చదును.

కావలి_కుర్రోడు
ఇసకపల్లి మాకు దగ్గరే. కారు లోపలి దాకా పోతుందా?

మైపాడు_అల
వానల్లో ఉప్పు పని ఉండదు, దారంతా బురద. బండి రోడ్డు మీదే పెట్టి నడవండి. పిల్లలకు చెప్పులు కాదు, బూట్లు వేయండి, టార్చి తీసుకెళ్లండి. గట్ల మీద పాములు ఉంటాయి.