పాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 24 ఈవీ ఛార్జింగ్ పాయింట్లు: లోడ్ ఎంత తీసుకోవాలి?

సంఘం_కార్యదర్శి, హైదరాబాద్
మా సముదాయంలో రెండు సెల్లార్లలో కలిపి 120 కార్లకు పార్కింగ్ ఉంది. అందులో 24 చోట్ల 7.4 కిలోవాట్ల ఏసీ ఛార్జర్లు పెట్టాలని తీర్మానించాం. మా ట్రాన్స్‌ఫార్మర్ 315 కేవీఏ (అది మోయగల లోడ్ కొలత). మే నెల రాత్రుల్లో ఇళ్లలోని ఏసీలన్నీ (ఎయిర్ కండిషనర్లు) నడుస్తున్నప్పుడు దానిపై 210 కేవీఏ దాకా లోడ్ పడుతోంది. కాంట్రాక్టరు 24ను 7.4తోనూ, ఆపైన 1.25తోనూ హెచ్చవేసి, 222 కిలోవాట్లు కావాలని, అందుకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ తప్పదని అంటున్నారు. ఈ లెక్క సరైనదేనా?

డిజైన్_విశాఖ
ఆ 1.25 ఆయన ఊహించి చెప్పింది కాదండి. కేంద్ర ప్రభుత్వం 2019లో నమూనా భవన నిబంధనలను సవరిస్తూ, పార్కింగ్‌లో 20 శాతానికి ఛార్జింగ్ వసతి ఉండాలని, అన్ని పాయింట్లూ ఒకేసారి పనిచేస్తే అయ్యే లోడ్‌కు 1.25 భద్రతా గుణకం చేర్చాలని పేర్కొంది. కొత్తగా కట్టేవారికి అది మంచి జాగ్రత్తే. ఎప్పుడో కట్టేసిన భవనంలో మాత్రం రాత్రికి ఎన్ని యూనిట్లు కావాలన్న ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారు, ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి, సుమారు 7 యూనిట్లు తీసుకుంటుంది. 24 కార్లకు 168 యూనిట్లు. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు సర్దితే సగటున 19 కిలోవాట్లు చాలు.

సైట్_విజయవాడ
సగటును చూసి ఫీడరు (ఛార్జర్లన్నిటికీ కలిపి కరెంటు తెచ్చే ప్రధాన కేబుల్) వేయలేం కదండి. సంక్రాంతికి ఊళ్లకు బయలుదేరే ముందు రాత్రి ఒక్కొక్కరూ 30 యూనిట్లు అడుగుతారు. అప్పుడు 720 యూనిట్లు, అంటే అదే తొమ్మిది గంటల్లో 80 కిలోవాట్లు కావాలి. నేనైతే 80 కిలోవాట్లను గరిష్ఠ పరిమితిగా పెట్టుకుంటాను.

డిజైన్_విశాఖ
ఒప్పుకుంటాను. పైగా సంక్రాంతి నాటికి ఏసీలు ఆగి ఉంటాయి కనుక, మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో అప్పుడే ఎక్కువ చోటు మిగులుతుంది. అందుకే స్థిరమైన పరిమితి ఒక్కటే పెట్టి ఊరుకోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ ప్యానెల్‌లో (తక్కువ వోల్టేజి వైపు బోర్డులో) సీటీలు, అంటే కరెంటును కొలిచే పరికరాలు అమర్చి, మొత్తం లోడ్‌ను బట్టి ఛార్జర్ల వాటాను పెంచుతూ తగ్గిస్తూ ఉండే లోడ్ మేనేజ్‌మెంట్ పెట్టించండి. విద్యుత్ వైరింగ్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60364లోని 722వ భాగం ప్రకారం ఒక్కో పాయింటుకు వెళ్లే సర్క్యూట్‌ను పూర్తి లోడ్‌కే లెక్కించాలి. ఇలాంటి నియంత్రణ ఉన్నప్పుడే వాటన్నిటికీ కలిపి వెళ్లే ఫీడరును తగ్గించుకోవచ్చు.

ఒక చిక్కు ఉంది. కారుకు ఇవ్వగల కనీస కరెంటు 6 ఆంపియర్లు. 24 కార్లూ ఒకేసారి తగిలించి ఉంటే, ఫేజుకు ఎనిమిది చొప్పున 48 ఆంపియర్లు, మొత్తం 33 కిలోవాట్లు అవుతుంది. లభ్యత అంతకన్నా తగ్గితే కొన్నింటిని ఆపి, వంతులవారీగా నడపాలి. ఈ వాటాలు పంచే కంట్రోలరుతో సంబంధం తెగిన ఛార్జరు దానంతటదే 6 ఆంపియర్లకు దిగాలన్న షరతును కొటేషన్‌లోనే రాయించండి. అమ్మేవారు యాప్ గురించి చెప్పినంత ఉత్సాహంగా దీని గురించి చెప్పరు.

సైట్_విజయవాడ
కేబుల్ దగ్గర ఒక మాట. మనవాళ్లు అలవాటుగా మూడున్నర కోర్ అల్యూమినియం కేబుల్ వేస్తారు. అందులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) సైజు సగమే. ఇక్కడి కార్లలో చాలావాటి ఆన్‌బోర్డ్ ఛార్జర్ (కారులోనే ఉండేది) సింగిల్ ఫేజుదే కాబట్టి, ఒక ఫేజు మీది కార్ల బ్యాటరీలు నిండిపోయి తక్కినవి లాగుతూ ఉంటే, న్యూట్రల్‌లో దాదాపు ఫేజంత కరెంటు నడుస్తుంది. నాలుగు కోర్‌ల కేబుల్ అడగండి. పాయింట్లను ఆర్, వై, బీ ఫేజులకు వరుసగా మార్చుతూ కలపండి. అదే కారణం చేత 22 కిలోవాట్ల త్రీఫేజ్ ఛార్జర్ల మీద డబ్బు పెట్టడం మీకు దండగ.

వోల్టేజి తగ్గుదల కూడా చూసుకోవాలి. 32 ఆంపియర్లను 80 మీటర్లు తీసుకెళ్తే, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 18 వోల్టులకు పైగా పోతుంది. 10 చదరపు మిల్లీమీటర్లదైనా 11 వోల్టులు, అంటే 5 శాతం పరిమితికి అంచున ఉంటుంది. ఒక్కో సెల్లార్ మధ్యలో సబ్ ప్యానెల్ (చిన్న పంపిణీ బోర్డు) పెడితే పాయింట్లకు వెళ్లే తీగలు 30 మీటర్లలో ముగుస్తాయి. కేబుల్ ట్రేలో మాత్రం ముందు ముందు వచ్చే పాయింట్లకు ఇప్పుడే చోటు వదలండి.

తీగలపని_యూకే
రక్షణ పరికరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రతి పాయింటుకూ విడిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకరు) ఉండాలి. అందులో టైప్ ఏసీ రకం పనికిరాదు. 6 మిల్లీఆంపియర్లకు మించిన డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటు ఛార్జరులోనే ఉంటే టైప్ ఏ సరిపోతుంది, లేకపోతే టైప్ బీ కావాలి. యూకేలో చాలా చోట్ల న్యూట్రల్, ఎర్త్ రెండూ వీధి కేబుల్‌లో ఒకే తీగగా వస్తాయి. అది తెగితే కారు బాడీకి కరెంటు రావచ్చు కనుక, దాన్ని కనిపెట్టి ఎర్త్‌తో సహా విడదీసే పరికరాలు వాడతాం. మీ ట్రాన్స్‌ఫార్మర్ ఆవరణలోనే ఉంది కాబట్టి, న్యూట్రల్‌ను, ఎర్త్‌ను అక్కడి నుంచే వేరుగా నడిపించుకోవడం మీకు తేలిక.

సంఘం_కార్యదర్శి, హైదరాబాద్
అందరికీ కృతజ్ఞతలు. 80 కిలోవాట్ల పరిమితితో మళ్లీ కొటేషన్ అడుగుతాను. డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) మీద కూడా ఛార్జింగ్ నడవాలని కొందరు సభ్యులు కోరుతున్నారు.

డిజైన్_విశాఖ
వద్దండి. లిఫ్టులకూ నీటి మోటార్లకూ సరిపడా తీసుకున్న డీజీ మీద ఈ లోడ్ పడితే అది ట్రిప్ అవుతుంది. డీజీ ఎక్కగానే ఛార్జింగ్ ఫీడరు కాంటాక్టరు (స్విచ్) తెరుచుకుని సరఫరా ఆగేలా ఇంటర్‌లాక్ పెట్టించండి. కరెంటు తిరిగి వచ్చాక 24 కార్లూ ఒక్కసారిగా మొదలుకాకుండా కొన్ని సెకన్ల తేడాతో ఒక్కొక్కటీ అందుకునేలా చూడండి. సబ్ ప్యానెళ్లను, వానాకాలంలో మీ సెల్లార్‌లోకి ఇంతవరకు వచ్చిన నీటిమట్టం ఎంతో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకుని, దానికి బాగా పైన బిగించండి.