సియుదాద్ రోడ్రిగో: ఆ కోట ఊరికి 1812 ముఖ్యమా, 1810 ముఖ్యమా?

కోటబాట (ప్రశ్న):

నెపోలియన్ కాలపు స్పెయిన్ యుద్ధాల గురించి చదివే ప్రతిచోటా సియుదాద్ రోడ్రిగో పేరు దాదాపు ఒకే సందర్భంలో కనిపిస్తోంది. 1812 జనవరిలో ఆంగ్ల సేనాని వెల్లింగ్టన్ ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఆ కోటను ముట్టడించాడు, పన్నెండు రోజుల్లో పట్టుకున్నాడు, ఆపై కథ బదహోస్ అనే మరో సరిహద్దు కోట వైపు సాగిపోతుంది. పోర్చుగల్ సరిహద్దుకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సలమాంకా ప్రాంతంలో ఉన్న ఈ చిన్న ఊరి కోసం రెండేళ్ల వ్యవధిలో రెండుసార్లు పెద్ద సైన్యాలు ఎందుకు తలపడ్డాయో నాకు పూర్తిగా అర్థం కాలేదు. 1810లో ఫ్రెంచివారిని రెండు నెలలకు పైగా నిలువరించిన ఆ గోడలే 1812లో అంత త్వరగా ఎలా కూలాయన్నది నా రెండో సందేహం. యుద్ధాన్ని పక్కన పెడితే ఆ ఊరు ఎలాంటిది, అక్కడి జనం తమ చరిత్రను ఏ విధంగా చూసుకుంటారు అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. ఈ విషయం చదివినవారు కాస్త వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

పాతపటం (జవాబు):

మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఊరు పుట్టుకలోనే ఉంది. ఆగెదా నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఇది నిలిచి ఉంటుంది. అక్కడ చాలా పూర్వమే జనావాసం ఉండేది. వెట్టోనులు అనే ప్రాచీన జాతి చెక్కిన రాతి పంది విగ్రహం ఒకటి ఈనాటికీ కోట ముందు కనిపిస్తుంది, రోమన్ కాలపు మూడు స్తంభాలు ఊరి రాజముద్రలోకి ఎక్కాయి, మిరోబ్రిగా అన్న పాత పేరును బట్టి అక్కడివారు తమను మిరోబ్రిగెన్సెలు అని చెప్పుకుంటారు. అయితే మనకు తెలిసిన కోట నగరానికి అసలైన ఆరంభం 1161. లియోన్ రాజు రెండో ఫెర్నాండో ఆ ఏడాది ఇక్కడ జనాన్ని స్థిరపరచి, గోడలు కట్టించి, బిషప్ పీఠాన్ని నెలకొల్పాడు. అప్పుడప్పుడే స్వతంత్ర రాజ్యంగా నిలదొక్కుకుంటున్న పోర్చుగల్‌కు ఎదురుగా ఒక కాపలా ఊరు ఉండాలన్నది ఆయన ఉద్దేశం. తమ అధీనంలోని భూములు కొత్త ఊరికి పోతున్నాయని సలమాంకావారు తిరగబడ్డారు కూడా. అంటే జనం సహజంగా చేరి పెరిగి, తరువాత గోడ కట్టుకున్న ఊరు కాదిది. సరిహద్దు అవసరం కోసమే గోడతో సహా పుట్టిన ఊరు.

తరువాత జరిగిన మార్పు ఇంకా ముఖ్యమైనది. మొదట్లో లియోన్ సరిహద్దు మరింత పడమరగా, కోవా నది దగ్గర ఉండేది. 1297లో కుదిరిన అల్కానీసెస్ ఒప్పందంతో రిబా కోవా ప్రాంతం, అందులోని అల్మెయిదా, సబుగల్ వంటి కోటలు పోర్చుగల్‌కు దక్కాయి. దాంతో సరిహద్దు రేఖే నడిచి వచ్చినట్టు సియుదాద్ రోడ్రిగోకు దగ్గరైంది. అప్పటి నుంచి లిస్బన్ నుంచి స్పెయిన్ నడిబొడ్డుకు పోయే ఉత్తరపు దారిని రెండు కోటలు ఎదురెదురుగా కాపలా కాస్తూ వచ్చాయి. అటు అల్మెయిదా, ఇటు సియుదాద్ రోడ్రిగో. దక్షిణపు దారి మీద ఎల్వాస్, బదహోస్ కూడా ఇలాంటి జంటే. ఐబీరియా పటం మీద పెద్ద ఫిరంగులను, బండ్లను నడిపించగల దారులను గీసి చూస్తే చివరికి ఈ రెండు జంటలే మిగులుతాయి. చిన్న ఊరి కోసం పెద్ద సైన్యాలు కదిలింది అందుకే.

1372లో ఎన్రికె రాజు నది మీది వంతెనకు ఎగువన కట్టించిన చతురస్రపు బురుజు కోట కూడా పోర్చుగల్‌తో జరిగిన పోరుల ఫలితమే. ఆ కోట ఈనాడు పారడోర్ అనే ప్రభుత్వ హోటల్ సంస్థ చేతిలో ఉంది. 1640 నుంచి 1668 దాకా సాగిన పోర్చుగల్ స్వాతంత్ర్య యుద్ధంలో ఈ సరిహద్దు పల్లెలన్నీ నలిగిపోయాయి. స్పెయిన్ వారసత్వ యుద్ధంలో 1706లో ఆంగ్ల, పోర్చుగీసు సేనలు ఊరిని పట్టుకున్నాయి, మరుసటి ఏడే అది చేతులు మారింది. మధ్యయుగపు నిటారు గోడ ఫిరంగులకు ఆగదని అప్పుడు తేలిపోవడంతో, 18వ శతాబ్ది తొలినాళ్లలో దాని చుట్టూ కోణాలు కోణాలుగా పొడుచుకొచ్చే తక్కువ ఎత్తు ప్రాకారాన్ని, కందకాన్ని చేర్చారు. ఇప్పుడు అక్కడ కనిపించేవి ఆ రెండు కాలాల గోడలూ ఒకదాని వెంట ఒకటి.

రాతిగోడ (జవాబు):

పాతపటం గారు చెప్పిన ఆ రెండో ప్రాకారంలోనే మీ రెండో ప్రశ్నకు జవాబు దాగి ఉంది. ఊరికి ఉత్తరాన తెసో అనే రెండు దిబ్బలు ఉన్నాయి. పెద్ద తెసో గోడకు సుమారు 600 గజాల దూరంలో, కోట గోడ పైభాగం కంటే కొద్దిగా ఎత్తులో ఉంటుంది. చిన్న తెసో 200 గజాల లోపే. కొత్త ప్రాకారం పాత గోడ పాదాన్ని కాపాడాలి. కానీ పెద్ద తెసో మీద నిలబడి చూసే ఫిరంగికి ఆ ప్రాకారం మీదుగా పాత గోడ చాలా కిందిదాకా కనిపిస్తుంది. గోడ ఎంత బలమైనదైనా ఎదుటి నేలను మార్చడం కట్టినవారి చేతిలో లేదు. 1810లో ఫ్రెంచివారు ఆ దిబ్బ మీది నుంచే ఉత్తరపు మూలలో గండి కొట్టారు. 1812లో వెల్లింగ్టన్ ఫిరంగులూ దాదాపు ఆ చోటనే, మరమ్మతు చేసిన కొత్త కట్టు మీదనే గురిపెట్టాయి.

ఇక రెండు ముట్టడుల రోజులను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1810లో ఏప్రిల్ చివరి నుంచి నే అనే ఫ్రెంచి మార్షల్ సేనలు ఊరిని చుట్టుముట్టినా, బరువైన ముట్టడి ఫిరంగులు పాడైన దారుల మీద చేరడానికే వారాలు పట్టింది. అసలు కాల్పులు మొదలైంది జూన్ 25న. జూలై రెండో వారంలో దాడి దళాలు గండి ఎదుట బారులు తీరిన తరువాతే గవర్నర్ ఆంద్రెస్ పెరెస్ దె ఎర్రాస్తి తెల్లజెండా ఎత్తాడు. లోపల సుమారు 5,500 మంది ఉన్నారు, వారిలో చాలామంది అనుభవం లేని స్వచ్ఛంద సైనికులు, ఊరి పౌరదళం. 1812లో పరిస్థితి తలకిందులైంది. ఫ్రెంచి దండు దాదాపు రెండు వేలే. వెల్లింగ్టన్ ముందుగానే అల్మెయిదాను బాగుచేయించి ముట్టడి సరంజామాను అక్కడ రహస్యంగా పోగుచేసి ఉంచాడు. జనవరి 8న ఊరిని చుట్టుముట్టిన రాత్రే పెద్ద తెసో మీది చిన్న బురుజును ఆయన మనుషులు పట్టుకున్నారు. 14న ఫిరంగులు మోగాయి, 19 రాత్రికి రెండు గండ్లు సిద్ధమయ్యాయి.

ఆ తొందరకు కారణం ఉంది. నెపోలియన్ రష్యా దండయాత్రకు బలగాలను వెనక్కి పిలుస్తున్నాడు, ఆ ప్రాంతపు ఫ్రెంచి సేనాని మార్మోన్ సైన్యంలో కొంత భాగాన్ని వలెన్సియా వైపు పంపించాడు. ఆ ఖాళీ మూసుకోకముందే పని ముగించాలని వెల్లింగ్టన్ చూశాడు. నది ఒడ్డున గుడారాలు వేసుకునే వీలు లేక దళాలు వంతులవారీగా ఒక్కో రోజు కందకాలు తవ్వడానికి వచ్చేవి. మంచు ముక్కలు కొట్టుకొస్తున్న ఆగెదాను నడుములోతు నీటిలో దాటి, తడి బట్టలతోనే ఆ రోజంతా గడ్డకట్టిన నేలను తవ్వి, మళ్లీ ఆ నీటిలోంచే వెనక్కి వెళ్లేవారు. సాధారణంగా కందకపు గట్టును కూల్చి దారి చదును చేశాక దాడి చేయాలి. ఇక్కడ ఆ పని జరగకముందే దాడికి ఆజ్ఞ వచ్చింది, అందువల్ల ప్రాణాలు ఎక్కువ పోయాయి. పెద్ద గండి దగ్గర మందుపాతర పేలి జనరల్ మెకినన్ చనిపోయాడు. చిన్న గండి ఎదుట తూటా తగిలిన జనరల్ క్రాఫర్డ్ జనవరి 24న కన్నుమూశాడు, ఆయనను ఆ గండిలోనే పాతిపెట్టారు. మొత్తం ముట్టడిలో ఆంగ్ల, పోర్చుగీసు సేనల నష్టం, గాయపడినవారితో కలిపి, సుమారు 1,100.

కోటబాట:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ దిబ్బల సంగతి తెలియకుండా ఇన్నాళ్లూ ముట్టడి పటాలు చూస్తూ వచ్చాను. అయితే ఒక విషయం నన్ను బాధిస్తోంది. 1812 జనవరి 19 రాత్రి లోపలికి దూసుకొచ్చిన సైనికులు తమ మిత్రదేశపు ఊరినే దోచుకున్నారని చదివాను. అదే ఊరి పేరుతో వెల్లింగ్టన్‌కు స్పెయిన్ డ్యూక్ బిరుదు ఇచ్చింది. అక్కడివారు దీనిని ఎలా తీసుకున్నారు?

తూర్పుగాలి (జవాబు):

దోపిడీ జరిగిన మాట నిజం. ఫ్రెంచి గవర్నర్ బారియే కోటలో లొంగిపోయిన తరువాత కూడా వీధుల్లో కాల్పులు, సారాయి కొట్లను పగలగొట్టడం, ఇళ్లకు నిప్పు పెట్టడం ఆగలేదు. తెల్లవారేసరికి అధికారులు అదుపు తెచ్చారు. ఏప్రిల్‌లో బదహోస్‌లో రోజుల తరబడి సాగిన ఘోరంతో పోలిస్తే ఇది తక్కువే అని కొందరు రాస్తారు. నా ఉద్దేశంలో ఆ పోలిక ఇల్లు కాలినవారికి ఏ విధంగానూ ఊరట కాదు. బిరుదు ఇచ్చింది కాదిస్‌లో సమావేశమైన స్పెయిన్ పార్లమెంటు, ఊరు కాదు. సియుదాద్ రోడ్రిగో డ్యూక్ బిరుదు ఈనాటికీ వెల్లింగ్టన్ వారసులదే.

ఊరి సొంత జ్ఞాపకం మాత్రం 1810 చుట్టూనే అల్లుకుని ఉంది. ఇది అర్థం కాకపోతే ఆ ఊరు అర్థం కాదని నేను గట్టిగా నమ్ముతాను. కేథడ్రల్ పక్కనున్న కూడలికి ఎర్రాస్తి పేరు పెట్టుకున్నారు. ఆనాటి రక్షకుల స్మారకం అక్కడే ఉంది. జూన్ 21 రాత్రి సుమారు రెండు వందల బల్లెపు రౌతులతో ఫ్రెంచి వలయాన్ని చీల్చుకుని బయటపడిన గెరిల్లా నాయకుడు హూలియాన్ సాంచెజ్‌ను, ఎల్ చార్రో అని పిలుచుకుంటూ, తమవాడిగా తలుస్తారు. ఆ వేసవిలో వెల్లింగ్టన్ సైన్యం దగ్గరలోనే ఉండి కూడా సాయానికి రాలేదు. తన సైన్యం చిన్నది, ఫ్రెంచి సేనాధిపతి మస్సేనాది పెద్దది, మైదానంలో ఓడిపోతే పోర్చుగల్ మొత్తం పోతుంది అని ఆయన లెక్క వేసుకున్నాడు. సైనిక దృష్టితో అది సరైన లెక్కే. కానీ ఆ లెక్కలో ఖర్చుగా రాసింది ఈ ఊరిని. ఇక్కడ పోయిన ఆ వారాలే మస్సేనా దండయాత్రను శరదృతువుకు నెట్టాయి. సెప్టెంబర్ 27న పోర్చుగల్‌లోని బుసాకోలో ఎదురుదెబ్బ తిని ఆయన లిస్బన్ వైపు చేరేటప్పటికి తోర్రెస్ వెద్రాస్ రక్షణ రేఖలు సిద్ధంగా ఉన్నాయి. లిస్బన్ నిలవడంలో ఎర్రాస్తి దండుకూ, ఊరి జనానికీ ఉన్న వాటాను ఆంగ్ల చరిత్రలు రెండు వాక్యాలలో ముగించడం అన్యాయం.

ఈ గాయాన్ని కళ్లారా చూడాలంటే కేథడ్రల్ గోపురం దగ్గర ఆగాలి. 12వ శతాబ్దిలో మొదలైన కట్టడానికి పడమటి చివర 18వ శతాబ్దిలో చేర్చిన గోపురం అది. ఉత్తరపు దిబ్బల వైపున్న దాని రాతి ముఖం మీద గుండ్లు తగిలి లేచిపోయిన గుంటలు అలాగే ఉన్నాయి. నున్నగా చెక్కిన బంగారు రంగు రాయిలో ఆ గుంటలు గరుకుగా, ముదురు రంగులో, ఒకచోట గుంపుగా, మరోచోట విడివిడిగా కనిపిస్తాయి. వాటిని పూడ్చకుండా వదిలేయడం మంచి నిర్ణయం. అదే కేథడ్రల్ మరో నష్టం కూడా భరించింది. 15వ శతాబ్ది చివర ఫెర్నాండో గాయేగో, ఆయన సహచరులు గీసిన ప్రధాన బలిపీఠపు చిత్రాలు 19వ శతాబ్దిలో అమ్ముడుపోయాయి. వాటిలో 26 పలకలు ఇప్పుడు అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఉన్నాయి. రోద్రిగో అలెమాన్ చెక్కిన గాయకుల పీటలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి, వాటి కోసమైనా లోపలికి వెళ్లాలి.

ఇక స్వభావం గురించి. ఊరు చుట్టూ ఉన్నది హోమ్ ఓక్ చెట్ల నడుమ పశువులు మేసే చార్రో సీమ, పోరు ఎద్దులను పెంచే నేల. ఏటా లెంట్ ఉపవాసాలకు ముందు వచ్చే ఎద్దుల కార్నివాల్ ఇక్కడి జీవనానికి కేంద్రం. దాని మూలాలు 15వ శతాబ్ది దాకా వెళ్తాయి. ప్రధాన కూడలి చుట్టూ చెక్కతో గ్యాలరీలు కట్టి ఆ చతురస్రాన్నే ఎద్దుల బరిగా మారుస్తారు. పురపాలక భవనం మీది గంట మోగిందంటే ఎద్దులు వీధుల్లోకి వస్తున్నాయని హెచ్చరిక. ఒక ఆదివారం గుర్రపు రౌతులు పొలాల నుంచి ఎద్దులను తోలుకుంటూ ఊరిలోకి తెస్తారు. ఎద్దుల ఆటలపై స్పెయిన్‌లోనే తీవ్రమైన అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి. అయినా మిగతా ఏడాదంతా నెమ్మదిగా ఉండే సుమారు పన్నెండు వేల జనాభా ఊరు ఆ కొద్ది రోజుల కోసం ఎంత శ్రద్ధగా సిద్ధమవుతుందో గమనించకుండా దాని గురించి రాయలేం. పంది కొవ్వు, రొట్టె, ఉల్లి, మిరప పొడి కలిపి చేసే ఫరినాతో అనే సాసేజ్‌ను వేయించిన గుడ్లతో తింటారు. ఆ ఊరివారికి ఫరినాతోలు అనే ముద్దుపేరు దాని నుంచే వచ్చింది.

కోటబాట:

ఎర్రాస్తికి నేను చదివినవాటిలో ఎక్కడా ఇంత చోటు దొరకలేదు. చివరిగా ఒక్కటి అడుగుతాను. అక్కడికి వెళ్లే అవకాశం వస్తే గోడలను, సరిహద్దును ఏ క్రమంలో చూడడం మంచిది?

పాతపటం (జవాబు):

ముందుగా పాత గోడ పైదారి మీద ఊరిని ఒక చుట్టు చుట్టండి. అది సుమారు రెండు కిలోమీటర్లు. ఉత్తరం వైపు చేరినప్పుడు ఆగి, తెసోలు ఉన్న దిక్కుకు చూడండి. ఇప్పుడు అటువైపు ఇళ్లు పెరిగినా ఎత్తు తెలుస్తుంది, రాతిగోడ గారు వివరించినదంతా అక్కడ ఒక్క చూపులో అర్థమవుతుంది. తరువాత కందకంలోకి దిగి బయటి ప్రాకారాన్ని కింది నుంచి చూడండి. పైనుంచి కాగితం మీది గీతలా కనిపించే కోణాలు కింద నిలబడినప్పుడు ఎంత ఎత్తైన అడ్డంకులో అక్కడే తెలుస్తుంది.

మరునాడు సరిహద్దు వైపు వెళ్లండి. ఆల్దెయా దెల్ ఒబిస్పో దగ్గర 17వ శతాబ్దిలో స్పెయిన్ ఆరంభించిన కన్సెప్సియోన్ కోట నక్షత్రాకారంలో ఉంది. 1810లో ఆంగ్లేయులు వెనక్కి తగ్గుతూ దానిలో కొంత భాగాన్ని పేల్చేశారు, ఇప్పుడది హోటల్. అక్కడి నుంచి అల్మెయిదా కొద్ది దూరమే. సియుదాద్ రోడ్రిగో పడిపోయిన మరుసటి నెల, ఆగస్టు 26న, అల్మెయిదా మందుగుండు కొట్టు పేలి కోట లోపలంతా నాశనమైంది, మర్నాడే అది లొంగిపోయింది. ఈ మూడు కోటలనూ ఒకదాని తరువాత ఒకటి చూస్తేనే అవి ఒకే గొలుసులోని లంకెలని తెలుస్తుంది. సమయం మిగిలితే ఆగెదా ఒడ్డునే ఉన్న సియెగా వెర్దే రాతి చెక్కడాలను వదలకండి. పాత రాతి యుగపు మనుషులు చెక్కిన ఆ గుర్రాలు, ఎద్దులు, పోర్చుగల్‌లోని కోవా లోయ చెక్కడాలతో కలిపి 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో ఒకే స్థలంగా చేరాయి.